బేడ తక్కువ కోసిన అద్దం

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. ఫ్రేములు పదకొండు. వాటిలో మ్యాట్లు, అంటే బొమ్మకీ ఫ్రేముకీ మధ్య వేసే మందపాటి అట్టలు, పదకొండు. ఒక్కో అట్టలో కోసిన కిటికీ ఒక్కటి, నాలుగంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు. చెక్కపిడి చిట్లిన భూతద్దం ఒకటి. కోటుకి పిన్నుతో తగిలించుకునే గడియారం ఒకటి.

పోయిన చలికాలంలో డాక్టరుగారు చనిపోయాక, బెంటన్‌విల్ నుంచి ఆవిడ మేనల్లుడు వచ్చి ఇల్లు ఖాళీ చేశాడు. ఫ్రేములన్నీ పాత సామాన్లు దానం తీసుకునే దుకాణానికి ఇచ్చేశానన్నాడు.

"వాటిలో ఏం బొమ్మలున్నాయో చూశావా బాబూ?" అని అడిగాను.

"ఏవో చేతులండీ. మెడికల్ పిక్చర్స్ అనుకున్నాను."

నేను వెళ్లేసరికి అమ్ముడుపోయాయి. ఫ్రేములు మంచివి, నేను కట్టినవే. కొన్నవాళ్లు బొమ్మలు తీసి పారేసి పిల్లల ఫోటోలు పెట్టుకుని ఉంటారు.

పదకొండు కిటికీలూ కలిపితే నూట ముప్ఫై రెండు చదరపు అంగుళాలు. పదమూడంగుళాల భోజనం కంచం ఒకటి గోడకి బోర్లిస్తే దాదాపు అంత. పాత రోమ్ నగరపు ఆడవాళ్ల కథల మీద వేసిన అంతంత పెద్ద బొమ్మల్లో ఆవిడ చూడదలచుకున్నది అంతే. మిగతాదంతా అట్ట కింద దాచమనేది.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో, రూట్ 46 రోడ్డు పక్కన, డ్రై క్లీనర్‌కీ టైర్ల షాపుకీ మధ్య, ఫ్రేములు కట్టే షాపు మాది. ఇప్పుడు మాది అంటున్నాను గానీ అందులో జీతానికి చేరినదాన్నే. నాకు డిగ్రీ లేదు. మొదటిరోజు కొలతల టేపు చూసి బెంబేలెత్తాను, అంగుళానికి పదహారు గీతలు. ఇంటికొచ్చి గంజి వారుస్తుంటే తట్టింది, మా చిన్నప్పుడు రూపాయికి పదహారు అణాలే కదా అని. పావు అంగుళం పావలా. అర అంగుళం అర్ధరూపాయి. ఎనిమిదో వంతు బేడ. ఆ తరవాత కొలత విషయంలో ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం రాలేదు. డాక్టరుగారిదీ అణాల కాలమే కాబట్టి మేమిద్దరం ఆ భాషలోనే మాట్లాడుకునేవాళ్లం. "ఎడంపక్క ఇంకో బేడ జరుపమ్మా," అనేది. షాపు యజమాని ముసలాయన మేము ఏదో మంత్రాలు చదువుతున్నామనుకునేవాడు.

ఆవిడ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు. నేను ఎరిగేనాటికే యాభై దాటాయి. మా షాపు ముందు కారాపి, ఇంజన్ కట్టేసి, వెంటనే దిగేది కాదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూస్తూ కాసేపు కూర్చునేది. తరవాత చేతులు కోటు జేబుల్లో దూర్చుకుని లోపలికొచ్చేది. ఆ మణికట్లకి గాజుల్లేవు, వాచీ లేదు. వాచీని నర్సుల్లాగా కోటుకి తగిలించుకునేది. ఎందుకని నేను అడగలేదు. భర్త గురించి మాత్రం ఒకసారి అడిగాను. "ఉండేవాడు," అంది. ఆ ఊసు అక్కడితో సరి.

మొదటిసారి తెచ్చిన బొమ్మ నాకు బాగా గుర్తు. మ్యూజియంలో అమ్మే ప్రింటు. ఒకామె పక్క మీద కూర్చుని, రొమ్ము కింద కత్తి ఆనించుకుని, ఆకాశంలోకి చూస్తోంది. నేను టేపు తీసి కొలవబోతే ఆపింది.

"అంతా వద్దమ్మా. ఈ చెయ్యి ఒక్కటే కనపడాలి. మణికట్టు నుంచి కత్తి పిడి దాకా."

"మిగతా బొమ్మంతా అట్ట కింద పోతుందండీ."

"పోనీ. ఇన్ని వందల ఏళ్లుగా అందరూ ఆ మిగతాదే చూశారు."

నేను అట్ట కోస్తుంటే ఆ కథ చెప్పింది. రోగి గురించి మరో డాక్టరుకి చెప్పినట్టే చెప్పింది. "ముప్ఫై లోపు స్త్రీ. భర్త యుద్ధంలో ఉన్నాడు. వచ్చినవాడు భర్తకి చుట్టం, రాజు కొడుకు. అన్నం పెట్టి, పక్క వేయించింది. వాడు కత్తి తీసుకుని ఈవిడ గదిలోకి వచ్చాడు. మర్నాడు తండ్రినీ భర్తనీ పిలిపించి జరిగింది చెప్పింది. వాళ్లు చెరొక స్నేహితుణ్ణి తెచ్చుకున్నారు. నలుగురూ ఒకటే మాట, నీ తప్పేం లేదమ్మా అని. అది విని ఆవిడ దాచుకున్న కత్తి తీసి పొడుచుకుంది. ఎదురుగా నలుగురు మగాళ్లు. ఒక్కడూ ఆ చెయ్యి పట్టుకోలేదు."

"అంత దగ్గర ఉండీనా?"

"శవాన్ని తీసుకెళ్లి బజార్లో పెట్టి జనాన్ని లేపారు. రాజుల్ని తరిమేశారు. బతికున్న మనిషిని బజార్లో పెడితే ఎవరు లేస్తారమ్మా?"

ఆదివారాలు నన్ను కారెక్కించుకుని న్యూయార్క్‌లో మ్యూజియానికి తీసుకెళ్లేది. మా ఆయన "ఆ డాక్టరమ్మతో నీకేంటి, బొమ్మలేంటి" అని నవ్వేవాడు. ఆవిడ భూతద్దం పట్టుకుని కాన్వాసు మీదకి వంగితే కాపలావాడు వెనక్కి జరగమనేవాడు. "సారీ, అలవాటు," అని ఒక అడుగు వెనక్కి వేసి, వాడు అటు తిరగ్గానే మళ్లీ వంగేది. అందరూ బొమ్మ ముందు నిలబడి రంగులూ వెలుగూ మెచ్చుకుంటుంటే ఈవిడ మణికట్లు వెతికేది.

"చూడు, వాడు ఎంత గట్టిగా పట్టుకున్నాడో. పట్టు వదిలాక నాలుగు వేళ్ల మచ్చలు ఒకవైపు, బొటనవేలిది ఒకవైపు తేలాలి. ముందు ఎరుపు, తరవాత నీలం, ఆ తరవాత ఆకుపచ్చ, చివరికి పసుపు. బొమ్మ వేసినాయనకి ఇన్ని రంగులు వచ్చు కదా. వెనక తెరకి పూసిన నీలంలో ఈ పిల్ల చేతికి చిటికెడు మిగల్లేదా?"

ఇంకో బొమ్మలో ఒక తండ్రి సంత మధ్యలో కూతుర్ని పొడిచి నిలబడ్డాడు. ఊరి న్యాయాధికారి ఆ పిల్ల మీద కన్నేసి, ఇది బానిస పిల్ల అని దొంగసాక్ష్యం పెట్టించి తీర్పు చెప్పాడట. వాడికి దక్కకుండా తండ్రి పక్కనున్న కసాయి కొట్లోంచి కత్తి లాక్కున్నాడట. నేను నిలబడి కంటితో కొలిచాను. తండ్రికీ, ఆయన ఎత్తిన చేతికీ, ఆయన దుఃఖానికీ బొమ్మలో అర్ధరూపాయి. జనానికి ఏడణాలు. పిల్లకి అణా. ఆ మాటే చెప్పాను. డాక్టరుగారు నా వైపు తిరిగింది.

"ఇంటికెళ్లేటప్పుడు కాఫీ నేను ఇప్పిస్తాను," అంది. ఆవిడ మెచ్చుకోవడం అలా ఉండేది.

ఆ రోజుల్లోనే మా వాళ్ల అబ్బాయి ఒకడు, ఇంజనీరు, కొత్త ఇల్లు కొని సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాడు. భార్య కాపురానికి వచ్చి ఏడాది అయి ఉంటుంది. అందరం వెళ్లాం. సోఫా పైన గోడనిండా పెద్ద బొమ్మ. గుర్రాలు, ఎగిరే గుడ్డలు, చేతులు చాచిన ఆడవాళ్లు, వాళ్లని ఎత్తుకున్న మగవాళ్లు. సోఫా రంగుకి సరిపోయిందని ఫర్నిచర్ షాపులో కొన్నాడట.

"రోమన్ ఫెస్టివల్ అండీ," అని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. "డాన్స్ చేస్తున్నారు. చూడండి ఎంత మూవ్‌మెంట్ ఉందో!"

నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆవిడ పులిహోర ప్లేటు ఒళ్లో పెట్టుకుని ఆ బొమ్మ వంక చూస్తోంది. పక్కన ఎవరి పిల్లో, ఇక్కడ పుట్టిన పిల్ల, ఆవిడ చెయ్యి గోకింది.

"ఆంటీ, వాళ్లు డాన్స్ చేస్తున్నారా? ఆ లేడీ ఏడుస్తుంది కదా?"

"డాన్స్ కాదమ్మా. ఎత్తుకుపోతున్నారు. ఆ ఊళ్లో ఆడవాళ్లు లేరు. పొరుగువాళ్లని పండక్కి రమ్మని పిలిచి, వాళ్ల కూతుళ్లని లాక్కున్నారు."

"దట్స్ నాట్ ఫెయిర్."

"కాదు."

వ్రతం చేయించిన పెద్దాయన, ఏదో లేబొరేటరీలో సైంటిస్టు, నవ్వుతూ అందుకున్నాడు. "డాక్టరమ్మా, మన శాస్త్రంలోనూ ఉందిలే అది. ఎనిమిది రకాల పెళ్లిళ్లలో ఏడోది, రాక్షసం. ఆ కథ మొత్తం చెప్పు మరి. తండ్రులు సైన్యంతో వస్తే ఆ అమ్మాయిలే చంటిపిల్లల్ని ఎత్తుకుని మధ్యలో నిలబడి రాజీ చేశారా లేదా? చివరికి సర్దుకుపోయారు!"

"అయితే బొమ్మ తీసేయక్కర్లేదన్నమాట," అన్నాడు ఇంటబ్బాయి. "శుభమే!"

అందరూ నవ్వారు. డాక్టరుగారు ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"సర్దుకోక ఎటు పోతారండీ," అంది. "ఊరి చుట్టూ గోడ ఉంది."

అప్పుడే ఇంటబ్బాయి భార్య, ఆ అమ్మాయి, ప్రసాదం తెచ్చింది. మంచి వేసవి. మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కుంది. గిన్నె అందించబోతే అంచు పైకి జరిగింది. డాక్టరుగారు ఆ చెయ్యి పట్టుకోలేదు. అరచెయ్యి చాచి, ఆ అమ్మాయి చెయ్యి దాని మీద ఆనేలా కింద పెట్టింది.

"పసుపండీ, పూజ కదా," అంది అమ్మాయి గబగబా.

డాక్టరుగారు ఆ పచ్చటి మచ్చని బొటనవేలితో మెల్లిగా రుద్దింది. రాలేదు.

వెళ్లేటప్పుడు ఇంటబ్బాయితో అంది, "ఇంత మంచి బొమ్మకి ఆ డొక్కు ఫ్రేమేంటి బాబూ? ఈవిడ షాపుకి పంపించు. నేను కట్టించి ఇస్తాను, గృహప్రవేశం కానుక." అతను సంతోషించాడు.

ఆ శనివారం బొమ్మనీ అమ్మాయినీ అతనే కార్లో తీసుకొచ్చాడు. అమ్మాయికి డ్రైవింగ్ రాదు, నేర్పించలేదు. బొమ్మ లోపల పెట్టి, "సెలెక్ట్ చేస్తూ ఉండు, నేను టైర్లు చూపించుకొస్తా," అని పక్క షాపుకి వెళ్లాడు. వెనక గదిలోంచి డాక్టరుగారు బయటికొచ్చింది.

అమ్మాయి భయపడలేదు. అలిసిపోయినట్టు చూసింది. "ఆయన మంచివారే ఆంటీ. కోపం ఒక్కటే."

"సరేమ్మా. నేను నిన్ను ఎక్కడికీ రమ్మనడం లేదు. నా ఫోన్ నంబరు ఇస్తాను, ఉంచుకో."

"పర్సు చూస్తారు. డైరీ చూస్తారు. ఫోన్ బిల్లు కూడా చూస్తారు."

నేను ఫ్రేము పడక, అంటే అద్దమూ బొమ్మా కూర్చునే గాడి, కొలుస్తున్నాను. ముప్ఫై అంగుళాల పన్నెండణాలు, ఇరవై నాలుగంగుళాల ఎనిమిదణాలు. అద్దం మాత్రం బేడ తగ్గించి రాశాను. డాక్టరుగారు అది చూసి, "తగ్గించావేం?" అంది.

"అద్దానికి కాస్త సందు ఉండాలండీ. బిగించి కడితే ఎండకో చలికో తనంత తానే పగులుతుంది. బేడ వదిలితే పగలదు, ఎవరైనా పగలగొడితే తప్ప."

ఆవిడ ప్రింటు వెనక్కి తిప్పి, మేము ప్రతి ఫ్రేముకీ అంటించే స్టిక్కరు ఎక్కడ వస్తుందో చూపించమంది. స్టిక్కరు మీద షాపు పేరూ ఫోన్ నంబరూ ఉంటాయి.

"ఇదిగో అమ్మా నంబరు. దీన్ని ఎవరూ అనుమానించరు. గ్లాసు పగిలింది, మార్చాలి అని చెప్పు. అంతే చెప్పు. ఫోను ఈవిడ తీస్తుంది, నేను వస్తాను. బిల్లులో చూసినా ఫ్రేము షాపే."

ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. "పగలకపోతే ఆంటీ?"

"పగలకపోతే మంచిదే కదా."

అమ్మాయి బొమ్మని ముందువైపు తిప్పుకుని, మూలన ఉన్న ఒకామెని వేలితో చూపించింది. ఆమె ఒక్కతే ఎత్తుకుపోయేవాడి వైపూ, తండ్రి వైపూ కాక బొమ్మ బయటికి చూస్తోంది. "ఈవిడ ఎటు చూస్తుంది?"

"తలుపు ఎక్కడుందో వెతుకుతోందేమో," అంది డాక్టరుగారు.

ఆ ఒక్క బొమ్మకి ఆవిడ కిటికీ చిన్నది కోయమనలేదు. ఏదీ దాచకుండా పూర్తిగా కనపడేలా కట్టాను.

తరవాత అతనికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయారు, బొమ్మ కూడా వెళ్లింది. డాక్టరుగారు షాపులోకి వస్తూనే పలకరింపు బదులు "ఫోను?" అనేది. "లేదండీ," అనేదాన్ని. జేబుల్లోంచి చేతులు బయటికి తీసి కొత్త ప్రింటు బల్ల మీద పరిచేది. మణికట్టు, ఇంకో మణికట్టు, జుట్టు పట్టుకున్న పిడికిలి. పదకొండు అయ్యాయి.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మగగొంతు.

"హలో, గుర్తుపట్టారా అండీ? ఆ రోమన్ పిక్చర్. వెనక మీ స్టిక్కర్ చూసి చేస్తున్నా. గ్లాస్ క్రాక్ అయింది. ఇక్కడి హీట్‌కి అనుకుంటా. సైజు చెబితే ఇక్కడే వేయించేస్తాను."

"అమ్మాయి బాగుందా బాబూ? ఒకసారి ఇస్తావా?"

"పడుకుందండీ."

"పగులు ఎలా ఉంది? అంచు నుంచి గీతలా ఉందా, మధ్యలో నక్షత్రంలా ఉందా?"

అతను ఫోను పట్టుకునే చూసినట్టున్నాడు. "మధ్యలో. స్టార్ లాగా. ఎందుకు?"

వేడికి పగిలే అద్దంలో పగులు అంచు దగ్గర మొదలవుతుంది. నేను బేడ వదిలాను. కొలత నాకు నోటికే వచ్చు, కానీ అతని నంబరు నాకు కావాలి. "పాత కాగితాల్లో వెతకాలి బాబూ, నంబరివ్వు, నేనే చేస్తాను," అన్నాను.

"వద్దులెండి, నేనే చేస్తా," అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.

డాక్టరుగారు అడ్రసు కోసం తెలిసిన ప్రతి ఇంటికీ ఫోను చేసింది. వ్రతం చేయించిన పెద్దాయన, "వాళ్ల సంసారం, మనకెందుకు డాక్టరమ్మా," అన్నాడు. ఆయన భార్య వంటింట్లోంచి వేరే ఫోనెత్తి, గొంతు తగ్గించి, అడ్రసు చెప్పింది. డాక్టరుగారు విమానమెక్కి వెళ్లింది. అతను తలుపు తీశాడు, మర్యాద చేశాడు, కాఫీ తనే కలిపి ఇచ్చాడు. అమ్మాయి పురిటికి ఇండియా వెళ్లిందన్నాడు. బొమ్మ సోఫా పైనే ఉంది, అద్దం లేకుండా.

తిరిగొచ్చి, ఇండియాకి ట్రంకాల్ బుక్ చేసి అమ్మాయి తండ్రితో మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను. లైను సరిగ్గా లేక ఆయన అరుస్తున్నాడు, నాకూ వినపడింది. "మా అమ్మాయి ఇక్కడికెందుకు వస్తుందండీ? అమెరికాలోనే ఉంది. అల్లుడుగారు మొన్న కూడా ఉత్తరం రాశారు. ఇంతకీ మీరెవరు?"

డాక్టరుగారు టెక్సస్ పోలీసులకి చెప్పింది. వాళ్లు రాసుకున్నారు, వెళ్లారు, అతన్ని అడిగారు. తనంత తనే వెళ్లిపోయిందని ఈసారి అతను చెప్పాడట. ఏది నిజమో తేలలేదు. ఆ తరవాత అతను ఇంకో ఊరు మారాడు.

"వెళ్లిపోయే ఉండొచ్చు," అంది డాక్టరుగారు ఒకరోజు. "తలుపు దొరికే ఉండొచ్చు." ఎమర్జెన్సీలో ఎంతమందినో చూసిన మనిషి. ఆ మాట అంటూ నా మొహం వైపు చూడలేదు.

ఆ రోజే నాతో అద్దం కోయించింది.

"ఎవరికండీ?"

"గ్లాసు పగిలిందని కబురొచ్చింది కదా. మార్చి ఇస్తామన్నాం. కొయ్యి. బేడ వదులు."

ఆ తరవాత ఆవిడ కొత్త ప్రింటు తేలేదు. వచ్చేది, "ఫోను?" అనేది, "లేదండీ," అంటే కాసేపు స్టూలు మీద కూర్చుని వెళ్లేది. మ్యూజియానికి పోదామని నేనే ఒకసారి అడిగాను. "ఆ బొమ్మలన్నీ చూసేశాం కదమ్మా," అంది.

పోయిన చలికాలంలో ఆసుపత్రి పార్కింగ్‌లో తన కారులో చనిపోయింది. ఇంజన్ కట్టేసి ఉంది, చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. డ్యూటీ దిగి వెళ్లేవాళ్లు ఎంతోమంది పక్కనుంచే వెళ్లారట. డాక్టరుగారు ఎప్పటిలాగే కాసేపు కూర్చున్నారనుకున్నారట. వాళ్లని అనడానికేం లేదు. ఆవిడ అలాగే కూర్చునేది.

ముసలాయన షాపు నాకు అప్పగించి ఫ్లోరిడా వెళ్లాడు. పేరు మార్చుకోమన్నాడు, మార్చాను. ఫోన్ నంబరు మాత్రం మార్చలేదు. మధ్యాహ్నం ఎవరైనా ఫోను చేసి అద్దం పగిలిందంటే, ముందు గొంతు వింటాను, తరవాత ఏ ఊరని అడుగుతాను. అందరూ ఈ చుట్టుపక్కలవాళ్లే.

అద్దం వెనక గదిలో గోధుమరంగు కాగితంలో చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. మీద ఎవరి పేరూ రాయలేదు. అడిగినవాడికి నేను కొలత చెప్పలేదు. అడగవలసిన మనిషి ఇంకా అడగలేదు. ముప్ఫై అంగుళాల పదణాలు, ఇరవై నాలుగంగుళాల ఆరణాలు.